బాలభటోద్యమ జయంత్యుత్సవములు - వానిలో మన పాత్ర

అరువదియేండ్లు నిండిన పెద్దకు షష్టిపూర్తి చేయుట మన గృహములందు పరిపాటి. ఆనాడు కుమారులు, కుమార్తెలు, అల్లుండ్రు, మనుమలు ఒక్కచోట చేరుదురు. ఆశీర్వచనములు జరుగును, విందులు జరుగును. వేడుక ముగిసిన పిమ్మట ఊరివారు పదికాలములపాటు చెప్పుకొను విషయము మాత్రము వేరు. పిలుపు ఎవరికి అందినది? ఎవరికి అందలేదు? ఏండ్ల తరబడి మాటలు లేని దాయాదులు ఆనాడైనను పంక్తికి వచ్చిరా? ఈ ప్రశ్నలకు లభించు సమాధానమును బట్టియే ఆ యింటి పెద్దరికమును లోకము తూచును.

సంస్థల జయంత్యుత్సవములకును ఇదే న్యాయము వర్తించును. అందును యువజన సంస్థల విషయమున మఱియొక విశేషము కలదు. మనుష్యునకు వయస్సు వచ్చుకొలది తల నెరయును. యువజన సంస్థకు నూరేండ్లు నిండినను దాని సభ్యులు పదేండ్లవారే, పండ్రెండేండ్లవారే. తాము పుట్టుటకు ఎన్నియో యేండ్లకు పూర్వము జరిగినదానిని వారు పండుగగ జరుపుకొనుచున్నారు. కనుక ఆ పండుగ వారికి ఏమి చెప్పవలయును? అందు పెద్దలమైన మనము ఏ స్థానమున నిలువవలయును? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చరిత్రలో వెదకుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

దృష్టాంతముగ స్కౌటు ఉద్యమమును గ్రహించితిని. మన పెద్దలు దీనినే బాలభటోద్యమమని వ్యవహరించిరి. కేంద్రప్రభుత్వోద్యోగుల కుటుంబములకు ఈ ఉద్యమము క్రొత్తది కాదు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ తన నిర్వహణలో రైల్వే మండలములను రాష్ట్రములతో సమానమైన శాఖలుగ పరిగణించుచున్నది. 1963లో 20 పాఠశాలలతో ఆరంభమైన కేంద్రీయ విద్యాలయ వ్యవస్థకును అట్టి ప్రతిపత్తియే కలదు. కావున రైల్వే నివాసములందు, కేంద్రీయ విద్యాలయములందు పెరిగిన మన బిడ్డలలో ఎందఱో మెడలో ఆ చుట్టురుమాలు ధరించినవారే. బదిలీ మీద బదిలీ యగు ఉద్యోగులకు ఇది ఒక మేలు చేసినది. తెలుగుబిడ్డ జబల్పూరునకు వెళ్లినను, గౌహతికి వెళ్లినను, ఆ యూరి భాష నోటికి రాకముందే ఎడమచేతి కరచాలనముతో ఒక దళములో చేరగలిగినాడు.

పిలువని పేరంటమునకు వచ్చిన బాలికలు

ఉద్యమస్థాపకుడు బేడెన్ పవెల్ ఆంగ్లసైనికుడు. 1857 ఫిబ్రవరి 22న జన్మించెను. 1876లో పందొమ్మిదేండ్ల ప్రాయమున ఒక అశ్వికదళమున చేరి మొదట వచ్చినది మన లక్నో నగరమునకే. తరువాత దక్షిణాఫ్రికాలో మఫెకింగు పట్టణము ముట్టడికి లోనైనపుడు 217 దినములు దానిని నిలుపుకొని ప్రఖ్యాతి గాంచెను. 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణతీరమునందలి బ్రౌన్‌సీ ద్వీపమున సుమారు ఇరువదిమంది బాలురతో ఒక విడిది నడపెను. వారిలో కొందఱు ఈటన్, హారో వంటి సంపన్నుల పాఠశాలలనుండి వచ్చినవారు. తక్కినవారు బోర్న్‌మౌత్, పూల్ పట్టణములందలి సామాన్య కుటుంబములవారు. నాలుగు దళములుగ విభజించినపుడు ఆ భేదమును పాటింపలేదు. ప్రభువుల బిడ్డలు, పనివారి బిడ్డలు ఒకే గుడారమున నిద్రించిరి. ఒకే కుండలోని కూడు తినిరి. వర్గభేదము గడ్డకట్టియున్న ఆనాటి ఇంగ్లండులో ఇది చిన్న సంగతి కాదు.

1908లో ఆయన గ్రంథము భాగములుగ వెలువడగనే దేశమంతట బాలురు తమంతట తామే దళములుగ ఏర్పడిరి. 1909 సెప్టెంబరులో లండనునందలి క్రిస్టల్ పాలెస్ మైదానమున ఉద్యమమునకు మొదటి మహాసమావేశము జరిగెను. వేలకొలది బాలురు వరుసలు తీరి నిలిచియుండగ, వారి నడుమ స్కౌటు టోపీలు ధరించిన కొందఱు బాలికలు కానవచ్చిరి. వారిని ఎవరును పిలువలేదు. తామును స్కౌట్లమేయని వారు నిర్భయముగ చెప్పుకొనిరి. ఆ కాలపు మర్యాదలను బట్టి వారిని వెలుపలకు పంపివేసినను ఆశ్చర్యపడవలసినది లేదు. కాని ఆ పిలువని అతిథుల పట్టుదల ఫలితముగనే 1910లో బాలికలకు గైడు ఉద్యమము ఏర్పడెను. బేడెన్ పవెల్ సోదరి ఆగ్నెస్ దాని నిర్వహణ వహించెను.

గైడు ఉద్యమపు శతజయంతిని 2010 మొదలు 2012 వఱకు మూడేండ్లపాటు ప్రపంచమంతట జరిపిరి. ఒక యేడు నాటుట, ఒక యేడు పెంచుట, ఒక యేడు పంచుట అని మూడు సంకల్పములు చేసికొనిరి. నూరేండ్ల ఆ మహావృక్షమునకు విత్తనము ఆహ్వానపత్రము లేకుండ వచ్చి నిలిచిన ఆ బాలికలే.

మన బాలురకు మూసిన తలుపు

1909లోనే ఉద్యమము మన దేశమునకు వచ్చెను. కెప్టెన్ బేకర్ అను నాతడు బెంగుళూరులో మొదటి దళమును స్థాపించెను. 1911లో జబల్పూరున గైడు దళము వెలసెను. అయితే ఈ దళములు ఐరోపా జాతీయుల బిడ్డలకు, ఆంగ్లో-ఇండియను బిడ్డలకు మాత్రమే. భారతీయ బాలునకు ప్రవేశము లేదు. దీనికి కారణము దాపరికము లేనిదే. దిక్కులు గుర్తించుట, రహస్య సంకేతములు పంపుట, దళముగ నడచుట నేర్చిన భారతీయ యువకుడు రేపు విప్లవకారుడు కాడని ఎవరు పూచీపడుదురు? అది ప్రభుత్వపు భయము.

లోకమంతటి బాలురు సోదరులని బోధించు సంస్థ, తాను నిలిచిన నేలమీది బాలుని మాత్రము సోదరుడనలేదు. అందుచేత మనవారు తమ పందిరిని తామే వేసికొనిరి. షాజహాన్‌పూరులో పండిత శ్రీరామ్ వాజపేయి బాలుర దళమును కూర్చెను. మధ్యపరగణాలలో వివియన్ బోస్ ఈ పని సాగించెను. ఆయనయే తరువాత స్వతంత్ర భారతమున సుప్రీముకోర్టు న్యాయమూర్తియయ్యెను. 1917లో మద్రాసున అనీబిసెంటు, అరండేల్ కలిసి ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషనును స్థాపించిరి. ఆ బాలుర తలపై టోపీకి బదులు తలపాగ అమరెను. 1918లో అలహాబాదు కేంద్రముగ మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, వాజపేయి సేవాసమితి స్కౌటు సంఘమును నెలకొల్పిరి. ఆ యేటి ప్రయాగ కుంభమేళయే వారికి పరీక్షాస్థలము. గుంపులో తప్పిపోయిన ముదుసలులను, పసివారలను వారి వారి జట్లకు చేర్చుట, నీట మునుగుచున్నవారిని కాపాడుట - ఇవి వారు ఎంచుకొన్న పనులు.

తెలుగునాటను అదే గాలి వీచెను. 1921లో చీరాల-పేరాల ఉద్యమమును నడపిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు అను సేవకదళమును తీర్చిదిద్దెను. ఆ యేడు బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశమున జనసమ్మర్దమును అదుపుచేసినది ఆ దండే. రామదండు స్కౌటు సంఘము కాదు. దాని లక్ష్యము వేరు, దాని భక్తిభావము వేరు. అయినను శిక్షణ పొందిన సామాన్య యువకుడు ఎంతటి పని చేయగలడో అది చూపినది. ప్రభుత్వము భయపడినదియు అందులకే.

అదే 1921లో బేడెన్ పవెల్ దంపతులు మన దేశమున పర్యటించిరి. భారతీయ బాలురు స్వయముగ సాధించినదానిని ఆయన కన్నులార చూచెను. మద్రాసున అనీబిసెంటు సంఘము మాతృసంస్థతో ఏకమయ్యెను. ఆమె గౌరవ కమిషనరుగ నియమింపబడెను. తలుపు తెఱచుకొన్నది. కాని అలహాబాదువారు లోనికి వెళ్లలేదు. సేవాసమితి తన వేఱైన అస్తిత్వమును నిలుపుకొనెను. సగము తెఱచిన తలుపును సంపూర్ణాహ్వానమని భావింపని వారి వివేకము పదునాఱేండ్లకు సార్థకమయ్యెను.

బంగారు బాణములు, ఢిల్లీ గాయము

గ్రంథము వెలువడి ఇరువదియొక యేండ్లు నిండిన సందర్భమున 1929లో ఇంగ్లండునందు బర్కెన్‌హెడ్ సమీపమున ఆరో పార్కు మైదానమున ప్రపంచ జాంబోరీ జరిగెను. వేలకొలది బాలురు చేరిరి. వాన విడువలేదు; మైదానమంత బురదమయమయ్యెను. ముగింపునాడు బేడెన్ పవెల్ ఒక గొడ్డలిని పీపాయిలో పాతిపెట్టి, యుద్ధము ఇట్లు సమాధియగుగాక అను భావమున బంగారుపూత పూసిన బాణములను నాలుగు దిక్కులకు పంపెను. దృశ్యము మనోహరము. పదేండ్లు తిరిగిన పిమ్మట ఆ బాలురలో అనేకులు సైనికవేషములు ధరించి రెండవ ప్రపంచయుద్ధమున ఒకరికొకరు ఎదురెదురుగ నిలిచిరి. ఉత్సవమునాటి సంకేతము తనంతట తాను ఫలింపదు. మఱునాటినుండి దానిని ఎవరో పనిగ పెట్టుకొని మోయవలయును.

మన దేశమున ఈ సత్యము మఱియొక రూపమున అనుభవమునకు వచ్చెను. 1937 ఫిబ్రవరిలో ఢిల్లీయందు అఖిలభారత జాంబోరీ జరిగెను. ఎనుబదియవ పడిలో ప్రవేశించుచున్న బేడెన్ పవెల్ సతీసమేతుడై దానికి విచ్చేసెను. పందిళ్లు, పతాకములు, ప్రదర్శనములు - దేనికిని కొదువ లేదు. కాని ఆ పర్యటన అనంతరము, భారతీయ బాలుర శీలమును, గౌరవభావమును తక్కువచేయు మాటలు ఆయన పేరిట పత్రికలకెక్కెను.

ఆ మాట ఎందుకంత గాయము చేసెనో గ్రహించుటకు స్కౌటు ప్రతిజ్ఞను తలచుకొనవలయును. బాలుడు దళములో చేరునాడు తన గౌరవమును సాక్షిగ నిలిపి ప్రమాణము చేయును. ఆ ఉద్యమమునకు పునాదిరాయి అదియే. శిక్షించు అధికారి లేడు, జరిమానా లేదు. బాలుని మాటయే హామీ. అట్టిచో నీకు గౌరవభావమే లేదనుట, నీవు చేసిన ప్రమాణమే చెల్లదనుట. పదునాఱేండ్లుగ లోపల కూర్చున్నవానిని, నీవింకను వెలుపలివాడవే అనుట. దేశమంతట నిరసన చెలరేగెను. అనేక దళములు మాతృసంస్థను విడచిపెట్టెను. సేవాసమితివారు మున్నగు జాతీయభావము గలవారు 1938లో హిందూస్థాన్ స్కౌటు సంఘముగ ఏర్పడిరి. మహావైభవముగ జరిగిన ఉత్సవము వెన్నంటియే చీలిక వచ్చినదన్నమాట.

న్యాయదృష్టితో చెప్పవలయునన్న, ఆ వృద్ధుడు లోకమునకు చేసిన మేలు అబద్ధము కాదు. బ్రౌన్‌సీలో ప్రభువు బిడ్డను, పనివాని బిడ్డను ఒకే గుడారమున చేర్చినవాడాయనయే. తన దేశపు వర్గభేదమును దాటగలిగిన కన్ను, తన సామ్రాజ్యపు జాతిభేదమును దాటలేకపోయెను. చరిత్ర చదువువారు ఈ రెండింటిని కలిపియే గుర్తుంచుకొనవలయును. జయంతులనాడు మంచిని మాత్రమే వల్లించుట అర్ధసత్యము. ఆ మంచిని మఱచి నిందించుటయు అర్ధసత్యమే.

హైదరాబాదున తొలి పంక్తి

స్వాతంత్ర్యము వచ్చునాటికి దేశమున బాలురు ఒకే ప్రతిజ్ఞ చేయుచు వేర్వేఱు పతాకముల క్రింద నిలిచియుండిరి. దాయాదులను ఒకే పంక్తికి తెచ్చుటకు ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ, విద్యామంత్రి మౌలానా ఆజాదు, మంగళదాస్ పక్వాసా మున్నగువారు యత్నించిరి. ఇరుపక్షములందును ముప్పదియేండ్ల సేవచేసిన పెద్దలు ఉండిరి. ఎవరి పేరు నిలువవలయును, ఎవరి చిహ్నము పోవలయును అను ప్రశ్నలు సులభమైనవి కావు. తుదకు పాత పేర్లన్నియు విడచి, 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను క్రొత్త పేరున ఏకమైరి. 1951 ఆగస్టు 15న గైడ్లును చేరిరి. ఒకనాడు ప్రభుత్వపు తలుపు మూసియుండగ వెలుపల సేవాసమితిని కట్టిన కుంజ్రూయే నూతన సంస్థకు జాతీయ కమిషనరుగ పనిచేసెను. నేటికిని నవంబరు 7 ఆ సంస్థ స్థాపనదినము.

ఏకమైన ఆ సంస్థ తన మొదటి జాతీయ జాంబోరీని 1953లో ఎక్కడ జరిపినది? మన హైదరాబాదునందు. తెలుగువారు ఈ విషయమును తగినంతగ తలచుకొనుట లేదని నా భావన. సైనికచర్య జరిగి ఐదేండ్లయిన కాలమది. మానిన గాయములు కొన్ని, మానని గాయములు కొన్ని గల నగరమది. ఆ యేటనే అక్టోబరు 1న కర్నూలు రాజధానిగ ఆంధ్రరాష్ట్రము అవతరించినది. దేశపు పటమే మాఱుచున్న ఆ రోజులలో, నాలుగు దిక్కులనుండి వచ్చిన బాలబాలికలు హైదరాబాదు నేలపై గుడారములు వేసి, ఒకరి వంట ఒకరు రుచిచూచిరి. 1937నాటి గాయమునకు నిజమైన మందు ఏ క్షమాపణపత్రమునను లేదు. ఒకే పంక్తిలో కూర్చున్న ఈ బిడ్డలలో కలదు.

స్వర్ణము, శతము, వజ్రము

తరువాతి జయంతులను సంగ్రహముగ చెప్పుదును. 1957లో ఉద్యమమునకు ఏబదియేండ్లు, స్థాపకుని జన్మకు నూరేండ్లు ఒక్కసారియే నిండెను. ఇంగ్లండులోని సటన్ పార్కునందు ముప్పదివేలకు మించిన స్కౌట్లు చేరిరి. మనకు ఆ యేడు 1857 సంగ్రామపు శతాబ్ది. ఒకే సంవత్సరమున పుట్టిన ఆంగ్లసైనికుని స్మృతిని, ఆంగ్లేయులపై లేచిన మనవారి స్మృతిని భారతీయ బాలుడు ఒకే యేట గౌరవింపగలుగుట స్వతంత్రుని మనోవైశాల్యమునకు గుర్తు.

2007 ఆగస్టు 1 ఉదయము 8 గంటలకు, ఏ దేశపు గడియారము ప్రకారము ఆ దేశమున, ప్రపంచమందలి స్కౌట్లు తమ ప్రతిజ్ఞను మరల చెప్పుకొనిరి. తూర్పున సూర్యుడు లేచిన దేశమునుండి పడమటికి ఆ ప్రతిజ్ఞ ఒక కెరటమువలె సాగెను. దీనికి పందిరి అక్కఱలేదు, ప్రయాణవ్యయము లేదు. ఇంగ్లండునకు పోవు స్తోమత గలవాడును, తన పాఠశాల ఆవరణను దాటలేనివాడును ఒకే గడియలో సమానులైరి. నేను చదివిన జయంతుల చరిత్రలో ఇంతకంటె చక్కని ఏర్పాటు మఱియొకటి లేదు.

2025లో మన సంస్థకు డెబ్బదియైదేండ్లు నిండినవి. ఆ నవంబరున వజ్రోత్సవ సందర్భమున 19వ జాతీయ జాంబోరీ లక్నోలో జరిగెను. 1876లో ఏ నగరమునకు ఒక యువసైనికుడు పాలకజాతి ప్రతినిధిగ వచ్చెనో, ఆ నగరమే నూటనలుబదితొమ్మిదేండ్ల పిమ్మట స్వతంత్ర భారతపు బాలబాలికలకు ఆతిథ్యమిచ్చెను.

మనము చేయదగినది

చరిత్ర ఇంతవఱకు. ఇక మన పాత్ర. కార్యాలయ నివాసములందును, విద్యాలయములందును దళముల జయంతులు వచ్చుచునే యుండును; ఒకచోట ఇరువదియైదవది, మఱియొకచోట ఏబదవది. అట్టివేళ మనకు ఆహ్వానపత్రము వచ్చును. మనము వెళ్లి ముందువరుస కుర్చీలలో కూర్చుందుము. ముఖ్యాతిథి ఆలస్యముగ వచ్చును, ఉపన్యాసములు సాగును, ఎవరి పేరిట ఆ పండుగయో ఆ బిడ్డలు ఎండలో వరుసలు తీరి నిలిచియుందురు. దీనిని పాల్గొనుట అనుట భాషకు అపచారము. పెద్దల సేవ అవసరమైన పనులు వేఱుగ కలవు.

మొదటిది, నిర్ణయము పిల్లల చేతిలో నుంచుట. స్కౌటు పద్ధతిలో ఆఱుగురు మొదలు ఎనమండ్రుగురు పిల్లలకు ఒక దళము, దానికొక నాయకుడు ఉందురు. ఆ నాయకులందఱు చేరిన చిన్నసభకు కోర్ట్ ఆఫ్ ఆనర్ అని పేరు, అనగ గౌరవసభ. జయంతి ఎట్లు జరుపవలయునో ఆ సభ తేల్చనిండు. పండ్రెండేండ్ల బాలిక జమాఖర్చులు వ్రాయుట తడవుకొనినచో లెక్కల శాఖలో పనిచేయు తండ్రి ప్రక్కన కూర్చుండి చూపవచ్చును; ఆమె చేతిలోని కలమును మాత్రము లాగికొనరాదు. మన బిడ్డలకు గౌరవభావము లేదన్న మాటకు మన తాతలు నొచ్చుకొనిరి. ఆ బిడ్డల నిర్ణయమును మనము గౌరవింపకపోయినచో ఆ మాటను మనమే మరల పలికినట్లగును.

రెండవది, వెలుపల నిలిచినవారిని లెక్కించుట. దుస్తులు, చుట్టురుమాలు, బెల్టు, విడిదిరుసుము - ఇవన్నియు కలిపిన చిన్నజీతగానికి భారమే. ఆ కారణముచేత వెనుకంజవేసిన బిడ్డలు ఎందఱు? కాలు సరిగలేదని, చూపు తక్కువయని చేర్చుకొనబడనివారెందఱు? ఆడపిల్లను రాత్రి విడిదికి పంపుటకు జంకు తల్లిదండ్రులు ఎందఱు? జయంతికి ఆఱు నెలల ముందే ఈ పట్టిక సిద్ధపఱచి, పూలదండలకు వ్యయపఱచునది ఈ బిడ్డలకై వినియోగించినచో పండుగ సగము జరిగినట్లే. పెద్ద అక్కలు, పిన్నమ్మలు విడిదిలో తోడుండుటకు ముందుకు వచ్చినచో మూడవ ప్రశ్న తనంతట తీరును.

మూడవది, చరిత్రను పోగుచేయుట. మన ఉద్యమచరిత్ర ప్రభుత్వ భాండాగారములలో కొంతయే కలదు. మిగిలినది విశ్రాంత గార్డుల, గుమాస్తాల, ఉపాధ్యాయినుల పెట్టెలలో కలదు. వెలిసిన ఛాయాచిత్రములు, విడిదిలో వ్రాసికొన్న దినచర్యలు, తుప్పుపట్టిన బిళ్లలు, రైల్వే స్టేషనులలో వేసవి చలివేంద్రములు నడపిననాటి జ్ఞాపకములు. ఇవి కలవారు ఒక్కొక్కరే వెళ్లిపోవుచున్నారు. పిల్లలు దళములుగ వారి యిండ్లకు వెళ్లి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని, తేదీలు వేసి భద్రపఱచినచో జయంతికి అంతకు మించిన కానుక లేదు. ఈ పనిలో మన సాంస్కృతిక సంఘములు సహజముగ తోడ్పడగలవు. తెలుగు మాటలాడుట వచ్చి, వ్రాయుట రాని ప్రవాసాంధ్ర బాలుడు తన తాతవంటి ఒకాయన మాటలు వ్రాసికొనుటకై అక్షరములు దిద్దుకొన్నను దిద్దుకొనవచ్చును.

నాల్గవది, ఒక సేవను ఎన్నుకొని వదలకుండ సాగించుట. 1918 కుంభమేళలో తప్పిపోయినవారిని ఇండ్లకు చేర్చుట వేడుకలోని అంశము కాదు. నాటి సంఘమునకు అదియే ఉనికి. మన పుష్కరములకును గోదావరి, కృష్ణా రేవులలో అట్టి పని ఎల్లపుడు కలదు. 2027లో గోదావరి పుష్కరములు రానున్నవి. ప్రథమచికిత్స నేర్చిన ఇరువదిమంది బిడ్డలను ఒక రేవునకు సిద్ధము చేయుట ఏ దళమునకైనను తగిన జయంతి సంకల్పము. ఈతరాని బిడ్డను నీటిదరికి పంపరాదు గనుక, ముందు ఈత నేర్పవలయును. అందులకు ఒక యేడు పట్టును. నిజమైన సన్నాహము ఇట్లు నెమ్మదిగనే సాగును.

ఈ పనులలో దేనికిని వేదిక అక్కఱలేదు. ఛాయాచిత్రములో మనము కనబడకపోవచ్చును. 1909లో మైదానమున నిలిచిన ఆ బాలికల పేర్లు లోకమున ఎందఱికి తెలియును? 1918లో ప్రయాగలో ముసలమ్మ చేయిపట్టుకొని నడపించిన బాలుని పేరు ఏ శాసనమున కలదు? అయినను వారు నిలిచినచోటనే ఈ పందిరి గుంజలు లేచినవి.

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థకు 2050 నవంబరు 7న నూరేండ్లు నిండును. నేడు పదేండ్ల ప్రాయమున దళములో చేరుచున్న బాలిక అప్పటికి ముప్పదియైదేండ్లకు చేరువలో నుండును. శతజయంతి ఆహ్వానపత్రముల జాబితా వ్రాయు చేయి ఆమెదే కావచ్చును. ఎవరి పేరు అందు వ్రాయవలయునో, ఎవరిని మఱువరాదో ఆమె నేర్చుకొను కాలము ఇదియే. ఆమె నేర్చుకొనునది మన మాటలవలన కాక, ఈ యేటి జయంతికి మన వాకిట ఎవరిని పిలిచితిమో చూచి.